నంది ముందు కాలు: పానగల్లులో ఒక ఎనిమిదో తరగతి, ఒక డ్రాయింగ్ సారు కేస్ స్టడీ

మొదటిసారి పిల్లల్ని పానగల్లు మ్యూజియానికి తీసుకుపోయి వచ్చిన మర్నాడు వాళ్ల నోటుబుక్కులు ముందేసుకుని కూర్చున్నాను. మూడో పుస్తకానికే సంగతి అర్థమైంది. అన్నిట్లో ఒకటే రాత: విగ్రహం పేరు, శతాబ్దం, దొరికిన ఊరు. మళ్లీ విగ్రహం పేరు, శతాబ్దం, దొరికిన ఊరు. పక్కనున్న బోర్డుల మీది అక్షరాలను పొల్లుపోకుండా ఎక్కించుకొచ్చారు. ఒకడు తొందరలో ఒక విగ్రహం పేరు ఇంకోదాని కింద రాశాడు. వాడి వెనక వరసలో నిలబడ్డ అయిదుగురి పుస్తకాల్లోనూ అదే తప్పు ఉంది. అంటే ఆ అయిదుగురూ రాతిని చూడలేదు, బోర్డునూ చూడలేదు. ముందువాడి పుస్తకాన్ని చూశారు.

తప్పు వాళ్లది కాదు. "అన్నీ రాసుకోండి, రేపు అడుగుతా" అని ఆటో దిగకముందే చెప్పింది నేను. అడుగుతానన్నాక ఎవరైనా రాసుకుంటారు గానీ చూస్తారా?

ఆ తర్వాత ఒక టర్ము పాటు ఏం మార్చాం, ఏది పనిచేసింది, ఏది బెడిసింది అన్నది ఇక్కడ రాస్తున్నాను. పిల్లల్ని మ్యూజియానికో గుడికో తీసుకుపోయే ఇతర సార్లకు, మేడమ్‌లకు కొంత పనికొస్తుందని.

పిల్లలు, ఊరు

నల్లగొండకు దగ్గరి ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో డ్రాయింగ్ సారును. ఎనిమిదో తరగతిలో ముప్పైకి పైగా పిల్లలు. సగానికి ఎక్కువ వ్యవసాయపు ఇళ్లు. కొందరికి గొర్లు, మేకలు. ఒకరిద్దరికి అమ్మమ్మగారి వైపు మగ్గాలు. వారానికి డ్రాయింగుకు దొరికేవి రెండు పీరియడ్లు. పరీక్షలు దగ్గరపడితే అవీ లెక్కల సారు ఖాతాలోకి పోతాయి.

"మీకిష్టమైన బొమ్మ గీయండి" అంటే చాలామంది గీసేది సీనరీ. రెండు కొండలు, నడుమ పొద్దు, కిందికి జారే నది, ఒడ్డున గుడిసె, గుడిసె పక్కన కొబ్బరిచెట్టు. తరగతి కిటికీలోంచి చూస్తే బోడ గుట్టలు, ఏనుగంత గుండ్లు, తాటిచెట్లు కనబడతాయి. నల్లగొండ పేరులోనే నల్ల కొండ ఉంది. ఆ కిటికీ పక్కనే కూర్చుని కొబ్బరిచెట్టు గీస్తారు. నేనూ వాళ్ల వయసులో అదే గీశాను గనుక నవ్వే హక్కు లేదు.

పానగల్లు మాకు ఆటోలో పోయేంత దూరం. ఇప్పుడు నల్లగొండను ఆనుకున్న పల్లెలా కనబడుతుంది గానీ, ఒకప్పుడు కందూరు చోడుల రాజధాని. ఉదయ సముద్రం చెరువు వాళ్ల కాలంనాటిదే. పచ్చల సోమేశ్వరాలయం, పొలాల వైపు ఛాయా సోమేశ్వరాలయం కూడా కాకతీయుల ఏలుబడి ఇక్కడ గట్టిపడకముందు నుంచీ ఉన్నాయి. పచ్చల సోమేశ్వరాలయం దగ్గరే మ్యూజియం. ఇంత దగ్గర్లో ఇన్ని ఉన్నా, మా తరగతిలో ఎక్కువమంది అక్కడికి పోయింది శివరాత్రి జాగారానికే.

27 సెకన్లు

మొదటి సందర్శనలో ఒక్కో విగ్రహం ముందు పిల్లలు ఎంతసేపు ఆగారో నేను కొలవలేదు. కానీ మొత్తం మ్యూజియాన్ని అరగంటలోపే చుట్టేసి బయటికొచ్చి చెట్టు కింద బిస్కెట్లు పంచుకున్నారు. పెద్దవాళ్ల పరిస్థితీ మరీ గొప్పగా ఏమీ లేదు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో సందర్శకులు ఒక్కో పేరున్న చిత్రం ముందు ఎంతసేపు నిలబడుతున్నారో లెక్కగట్టి 2001లో ప్రచురించారు. సగటు 27 సెకన్లు. సరిగ్గా మధ్యలో ఉన్నవాడి లెక్క తీస్తే 17 సెకన్లే. అందులో కొంత పక్కనున్న రాతను చదవడానికి పోతుంది.

ఆ మ్యూజియం పేరు మాకు ఇంకో రకంగానూ తెలుసు. 2023లో తొలినాటి బౌద్ధ శిల్పకళ మీద అక్కడ పెట్టిన పెద్ద ప్రదర్శనకు మన ఫణిగిరి శిల్పాలు పోయాయి. తర్వాత దక్షిణ కొరియాలోని సియోల్‌లోనూ ప్రదర్శించారు. ఫణిగిరి ఇప్పుడు సూర్యాపేట జిల్లా. 2016లో జిల్లాలు విడదీసేదాకా మా నల్లగొండే. ఈ సంగతి తరగతిలో చెబితే వెనక బెంచీ నుంచి ఒక గొంతు: "అమెరికోళ్లు మన రాయిని 27 సెకన్లే చూసిన్రా సార్?"

కొంత రోషంగానే అన్నాడు. ఆ రోషం నాకు పనికొచ్చింది. "మరి నువ్వెంతసేపు చూసినవ్?" అన్నాను. తరగతంతా నవ్వింది. రెండోసారి పోదామన్న మాట ఆ రోజే పుట్టింది.

ముందు ఇంట్లో ఉన్నవి

రెండోసారి నేరుగా మ్యూజియానికి పోలేదు. మూడు వారాలు ఇంటి వస్తువులతో గడిపాం. నియమం ఒకటే: ఇంట్లో ఎవరైనా చేత్తో చేసినదో, ఏరికోరి కొన్నదో ఒకటి తేవాలి. తెచ్చినదాని గురించి ముందు ఇతరులు మాట్లాడతారు, తెచ్చినవాళ్లు చివర్లో.

మొదటి వారం వచ్చిన వస్తువుల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ప్లాస్టిక్ పూల కుండీలు, టీవీ మీద పరిచే గుడ్డలు, ఒక తాజ్‌మహల్. గొప్ప వస్తువు తేవాలని అనుకున్నారు. రెండో వారం నేనే మా ఇంటి విసనకర్ర, మా అమ్మ వాడిన ఇత్తడి చెంబు పట్టుకెళ్లాను. చెంబు మెడ దగ్గర సొట్ట ఒకటి ఉంది. అది ఎట్లా పడి ఉంటుందన్న దానిమీద పావుగంట వాదన నడిచింది. బావిలో పడ్డదని కొందరు, ఎవరి నెత్తి మీదనో పడ్డదని కొందరు. ఆ తర్వాత వస్తువులు మారాయి.

చీరల రోజు గురించి మాత్రం వివరంగా చెప్పాలి. ఇద్దరు పిల్లలు ఒకే రోజు ఒకే రకం చీరలు తెచ్చారు. రెండింటి మీదా పోచంపల్లి డిజైను, మెట్లు మెట్లుగా కోణాలు తిరిగిన గళ్లు. దూరం నుంచి అక్కాచెల్లెళ్లలా ఉన్నాయి. తరగతిలో గొంతెత్తని అమ్మాయి ఒకతె ఉంది. అమ్మమ్మగారిది గట్టుప్పల్ వైపు, మేనమామ మగ్గం నేస్తాడు. ఆ పిల్ల లేచి వచ్చి ఎవరినీ అడగకుండా రెండు చీరల కొంగులూ తిరగేసింది. ఒకదాని వెనక రంగు వెలిసినట్టు పాలిపోయి ఉంది. ఇంకోదాని ముందూ వెనకా ఒకటే.

"గిది అచ్చు గుద్దింది. గిది నేసింది" అన్నది.

ఇంకేం తేడా ఉందని అడిగాను. గడి అంచు దగ్గర వేలు పెట్టి చూపించింది. నేసినదాంట్లో రంగు గీత గీసినట్టు ఆగలేదు. పక్క రంగులోకి సన్నగా, రంపపు పళ్లలా దూరింది. అచ్చు చీరలో అంచు కత్తితో కోసినట్టుంది. "కట్టు కిందికి రంగు కొంచెం పాకుతది గదా సార్. పోగుకు ముందే రంగేస్తరు, బట్టకు కాదు. మళ్ల నేసేటప్పుడు పోగులు ఇంచుక అటిటు జరుగుతయ్" అన్నది.

ఆ పిల్ల ఆ రోజు చెప్పినంత మా ట్రైనింగుల్లో ఎవరూ చెప్పలేదు. పోగులను ఆసు అనే మేకుల చట్రం మీద వేస్తారు. డిజైను ప్రకారం గుర్తులు పెట్టి, రంగు తగలకూడని చోట గట్టిగా కడతారు. అదే చిటికి కట్టడం. రంగులో ముంచి, కట్లు విప్పి, మళ్లీ ఇంకోచోట కట్టి, మళ్లీ ముంచుతారు. అన్నీ అయ్యాకే మగ్గం ఎక్కేది. ఆసు పోయడానికి ఒక్క చీరకు చెయ్యి వేల సార్లు అటూ ఇటూ తిరగాలి. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం తన తల్లి భుజం నొప్పి చూడలేక ఆసు యంత్రం చేసింది అందుకే. దానికే ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చింది. ఈ సంగతి చెప్పాక ఒక అబ్బాయి ఆ చీరను మడిచి తిరిగి ఇచ్చేటప్పుడు రెండు చేతులతో ఇచ్చాడు. అది నేను నేర్పింది కాదు.

మరో వారం అదే అమ్మాయి పుట్టపాక నుంచి వచ్చిన తేలియా రుమాలు ఒకటి పట్టుకొచ్చింది. ఎరుపు, నలుపు, తెలుపు. పిల్లలు ముందు చూడలేదు, వాసన చూశారు. పోగులను నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి పిసుకుతారు. పేరులోని తేల్ ఆ నూనే. చూడటమంటే కళ్ల పనేనని అప్పటిదాకా నా నోటుబుక్కులో రాసుకున్నాను, ఆ రోజు ఆ వాక్యం కొట్టేశాను.

మధ్యలో ఒక తండ్రి వచ్చాడు. కోపంగా రాలేదు, బాధగా వచ్చాడు. "సార్, చీరలు చూసుకుంట కూసుంటే రేపు బాసర ట్రిపులైటీల సీటొస్తదా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. చూసింది చూసినట్టు రాయడం వస్తే సైన్సుకూ పనికొస్తుందని ఏదో గొణిగాను. ఆయన తల ఊపాడు గానీ నమ్మలేదు. తర్వాత ఇంటి వస్తువుల పనిని బడి వేళలోకి కుదించాను, హోంవర్కుగా ఇవ్వడం మానేశాను. ఆయన మాటలో న్యాయం ఉంది.

"ఏం చూసి అన్నవ్?"

మ్యూజియంలో పిల్లలతో మాట్లాడటానికి అమెరికాలో పేరుపడ్డ ఒక పద్ధతి ఉంది. అబిగేల్ హౌసెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో విద్యా విభాగం చూసిన ఫిలిప్ యెనవైన్ కలిసి రూపొందించారు. మూడే ప్రశ్నలు. ఇక్కడ ఏం జరుగుతోంది? ఏది చూసి ఆ మాట అంటున్నావు? ఇంకేం కనబడుతోంది? సారు సమాధానాలు చెప్పడు, తప్పొప్పులు తేల్చడు, పిల్లలు అన్నదాన్ని వేలితో చూపిస్తూ తిరిగి చెబుతాడు.

నేను దీన్ని తెలుగులోకి యథాతథంగా తెచ్చి మొదటి దెబ్బ తిన్నాను. రెండో ప్రశ్న మా దగ్గర ప్రశ్నలా వినబడదు. "ఏం చూసి అన్నవ్ రా ఆ మాట?" అంటే తగాదా. పెళ్లి చెడ్డప్పుడు "ఏం చూసి ఇచ్చిన్రు పిల్లను" అంటారు చూడండి, అట్లాంటి ఎత్తిపొడుపు. నేను అడగ్గానే చెప్పినవాడు తల దించుకుని "ఊకెనే అన్న సార్" అని కూర్చున్నాడు. రెండు పీరియడ్లు ఇట్లాగే పాడుచేసుకున్నాక మాట మార్చాను. "యాడ కనబడ్డది? వచ్చి చూపియ్." అంతే, వరస కట్టి వచ్చారు. చూపించమంటే అనుమానించినట్టు కాదు, పిలిచినట్టు. ప్రశ్న ఒకటే, గొంతు వేరు.

రెండో సందర్శన

ఈసారి నోటుబుక్కులు తేవద్దన్నాను. బోర్డులు చివర్లో చదువుతామన్నాను. అన్నీ చూడం, మూడే చూస్తామన్నాను. ముందు ఎవరూ నమ్మలేదు. "ఆటో పైసలు ఇచ్చి మూడేనా?" అని లెక్కలు వేసుకున్నారు.

మధ్యాహ్న భోజనం వండే అవ్వ కూడా మాతో వచ్చింది. అది నేను అనుకున్నది కాదు, ఆమె మనవరాలు తరగతిలో ఉంది. అవ్వ చేసిన మొదటి పని మా పాఠానికి అడ్డం వచ్చింది. మొదటి విగ్రహం ముందే చెప్పులు విడిచి, కళ్లు మూసుకుని దండం పెట్టుకుంది. పిల్లలు నా వైపు చూశారు. వాళ్లూ పెట్టాలా? ఇది గుడా, మ్యూజియమా? చూడమని తీసుకొచ్చిన చోట కళ్లు మూసుకుంటే ఎట్లా?

ఈ ప్రశ్న పుస్తకాల్లో రాదు గానీ మన మ్యూజియాల్లో రోజూ వస్తుంది. రాతి విగ్రహం గుడిలోంచి మ్యూజియానికి వచ్చినంత మాత్రాన దేవుడు రాజీనామా ఇవ్వడు గదా. పెట్టుకోవాలనిపించినవాళ్లు పెట్టుకోండి, తర్వాత చూద్దామన్నాను. అవ్వ దండం ఒక నిమిషం. ఆ తర్వాత ఆమె ఆ అమ్మవారి ముందు నిలబడ్డది మా అందరికంటే ఎక్కువసేపు. నగలు ఒక్కొక్కటే పేరుతో చెప్పింది: నడుముకు వడ్డాణం, జబ్బకు దండకడియం, కాళ్లకు కడియాలు, చెవులకు బరువుతో సాగిన కమ్మలు. "చెవి తమ్మె ఎంత సాగిందో చూసిన్రా, మా అమ్మకు గిట్లనే ఉండె" అన్నది. నేను కళాశాలలో చదివిన శిల్ప లక్షణాల్లో చెవి తమ్మె బరువు లేదు. పిల్లలంతా ఒకరి చెవులు ఒకరు చూసుకున్నారు.

నంది

రెండోది నంది. దీనికి పాతిక నిమిషాలు పట్టింది, నేను అనుకున్నది పది.

మొదటి అయిదు నిమిషాలు ఊహించినట్టే నడిచింది. మెడలో గంటల పట్టెడ, వీపు మీదుగా గొలుసు, మూపురం, గంగడోలు మడతలు. "గంటలు ఎన్ని?" అని ఒకరు, "ఒకటి ఇరిగింది, లెక్కల చెయ్యి" అని ఇంకొకరు. "ముకుతాడు లేదు" అని ఒక పిల్ల అన్నది. నిజమే, లేదు. దాని మీద చిన్న చర్చ: ముకుతాడు లేకపోతే ఎవరి మాట వింటుంది? శివుని ఎద్దుకు ముకుతాడు ఎందుకు, చెప్పకుండానే వింటదని ఒక జవాబు. ఎక్కిస్తే కొమ్ములతో పొడుస్తదని ఇంకో జవాబు.

ఇక్కడ నేనొక తప్పు చేశాను, మంచిదే అయింది. ముందరి ఒక కాలు ముడవకుండా, గిట్ట నేలకు ఆనించి ఉంది. నాకు రామప్ప నంది గుర్తుకొచ్చింది. స్వామి పిలిస్తే లేవడానికి సిద్ధంగా ఉన్నట్టుందని అక్కడ అందరూ చెప్పే మాట. ఆ మాటే ఇక్కడా అనేశాను: "చూడండి, ఇప్పుడో ఇంకాసేపటికో లేవబోతున్నట్టు లేదూ?" చెప్పకూడదని పెట్టుకున్న నియమం నేనే తప్పాను. అందరూ "అవు సార్" అన్నారు. సారు అన్నాక అవుననడం అలవాటు.

ఒకడు అనలేదు. పొద్దున బడికి వచ్చేముందు పశువులను విడిచి, సాయంత్రం కట్టేసే పిల్లవాడు. చదువులో వెనకే. వాడు నంది వెనక్కి పోయి వంగి చూసి వచ్చాడు.

"లేస్తలేదు సార్ గిది."

"యాడ కనబడ్డది? చూపియ్."

"ఆవు గానీ ఎద్దు గానీ ముందు ఎనుక కాళ్లు లేపుతది సార్. ముందటి కాళ్లు మోకాళ్ల మీద ఉంచి, తలకాయ ముందుకు ఏస్తది, నడుము లేపుతది. అప్పుడు ముందటియి ఒక్కొక్కటి లేపుతది. గుర్రం ముందటి కాళ్ల మీద లేస్తది. దీని ఎనుక కాళ్లు సక్కగ మడుచుకొని ఉన్నయ్. గిట్లుంటే ఎట్ల లేస్తది?"

తరగతి రెండుగా చీలింది. పశువులున్న ఇళ్ల పిల్లలు వాడి వైపు. కొందరు నా వైపు, బహుశా నేను సారును కాబట్టి. ఒకమ్మాయి నేల మీద కూర్చుని నాలుగు కాళ్లు, అంటే రెండు చేతులు రెండు కాళ్లు, ఆవులా మడిచి లేచి చూపించింది. ముందు చేతుల మీద లేవబోయి పడింది. నవ్వులు. మళ్లీ నడుము ఎత్తి లేచింది. అప్పుడు నా వైపున్నవాళ్లు కూడా జారిపోయారు.

"మరి కాలెందుకు అట్ల పెట్టిండు?" అని అడిగాను. ఈసారి నిజంగా తెలియకనే అడిగాను.

"తిని పండుకున్నంక ఒక కాలు సాపుకుంటది సార్, నెమరేసేటప్పుడు. సుఖంగ ఉంటది" అన్నాడు వాడు. పక్కవాడు నోరు చూసి రమ్మన్నాడు. నోరు మూసుకుని ఉంది. నెమరేస్తున్నదా లేదా తేలలేదు.

ఈ కేసులో నేను నేర్చుకున్నది ఎక్కువగా ఆ పాతిక నిమిషాల్లోనే. చెక్కినవాడు పశువును ఎరిగినవాడో, శాస్త్రంలో ఉన్నట్టు చెక్కినవాడో, లేక రాతిలో కాలు విరగకుండా ఉండటానికి అట్లా పెట్టాడో నాకు తెలియదు. ఏనాటిదన్న సంగతి మాత్రం బోర్డు మీద ఉంది. చివర్లో బోర్డు చదివినప్పుడు మా వాళ్లు ఒక్కో అక్షరం వెతికి పట్టుకున్నట్టు చదివారు. ఎందుకంటే అప్పటికి వాళ్ల దగ్గర అడగడానికి ప్రశ్నలు ఉన్నాయి. బోర్డు వాటిలో దేనికీ జవాబివ్వలేదని కొంచెం చిన్నబుచ్చుకున్నారు కూడా.

వీరగల్లు దగ్గర బెడిసింది

మూడోది మ్యూజియంలోది కాదు. వచ్చే దారిలో ఒక ఊరి చెరువుకట్ట మీద ఉన్న వీరగల్లు, ఒకదానిపై ఒకటి మూడు అరలుగా బొమ్మలు చెక్కిన రాయి. పసుపు పూసి, బొట్లు పెట్టి ఉంది, ఊళ్లో దాన్ని పోతరాజు అంటారు. మా జిల్లాలో ఇట్లాంటివి అడుగడుగునా ఉంటాయి.

మూడు ప్రశ్నలు అడిగాను. కింది అరలో ఇద్దరు కొట్టుకుంటున్నారు, అది తేలిక. నడిమి అరలో ఒకాయనను ఇద్దరు ఆడవాళ్లు అటూ ఇటూ పట్టుకున్నారు. "పెండ్లి సార్, ఊరేగింపు" అన్నారు. పై అరలో ఒకరు కూర్చున్నారు, ఎదుట శివలింగం. "పెండ్లయినంక పూజ" అన్నారు. కథ అతికింది. పావుగంట అందులోనే తిరిగారు. యుద్ధం చేసి పెండ్లి కూతురిని గెలుచుకున్నాడని ముగించి ఇక చాలు పోదామన్నారు. నేను పద్ధతి ప్రకారం ఏమీ చెప్పకుండా నిలబడ్డాను. ఎండ, ఆకలి, విసుగు.

చివరికి చెప్పేశాను. "కింది నుంచి పైకి చదవాలి. కింద ఉన్నాయన ఆ కొట్లాటలో సచ్చిపోయిండు."

చప్పుడు ఆగిపోయింది. కాసేపటికి ఒకడు, "అంటె నడిమిట్ల ఉన్నోళ్లు పైకి తీస్కపోతున్నరా?" అన్నాడు. అప్సరసలు అన్న మాట తర్వాత చెప్పాను. పైన కైలాసం, ఆ పైన సూర్యుడూ చంద్రుడూ, అవి ఉన్నన్నాళ్లు వీడి పేరుంటుందని. కొందరు వెనక్కి జరిగారు. వచ్చేటప్పుడు ఆ రాయి మీద చెయ్యి ఆనించి నిలబడ్డవాడు చెయ్యి తీసేశాడు. ఊరి కోసమో ఆవుల మంద కోసమో చచ్చినవాడి గుర్తు అది, ఇట్లాంటి రాళ్ల పక్కనే ఇన్నాళ్లూ కూర్చుని తంపటి కాల్చుకుంటున్నామని వాళ్లకు అప్పుడు తెలిసింది.

ఆ ఒక్క వాక్యం నేను పది నిమిషాల ముందే చెప్పాల్సింది. నంది దగ్గర నోరు జారడం తప్పు, వీరగల్లు దగ్గర నోరు మూసుకోవడం తప్పు. పశువు గురించి పిల్లలకు నాకంటే ఎక్కువ తెలుసు. వీరగల్లు చదివే పద్ధతి వాళ్లకు తెలిసే దారి లేదు, చూసి పట్టుకోగలిగేది కాదు. ఏమీ చెప్పొద్దన్నదాన్ని వ్రతంలా పట్టుకోవడం వల్ల వచ్చిన తంటా ఇది.

ఛాయా సోమేశ్వరాలయానికి ఆ రోజు టైము సరిపోలేదు. తర్వాత కొద్దిమందితో పోయాను. గర్భగుడిలో లింగం వెనక గోడ మీద పగలంతా కదలకుండా ఒక స్తంభపు నీడ పడుతుంది. పొద్దు తిరిగినా నీడ తిరగదు. ఇక్కడ మాత్రం మాటలు తక్కువ, పరుగులు ఎక్కువ: స్తంభాల మధ్య ఒకడు చేతులు చాపి నిలబడటం, లోపల ఇంకొకడు గోడ చూసి అరవడం. ఎండ నేరుగా పడితే నీడ కదలాలి గదా, మరి లోపలికి వచ్చే వెలుతురు ఎక్కడిదన్న దాకా వచ్చారు. చెదిరిన వెలుతురు స్తంభాల మధ్య నుంచి రావడం గురించి సైన్సు మేడం తర్వాత టార్చిలైటు, చాక్‌పీసులతో తరగతిలో చూపించింది. అది ఆమె పాఠం, ఆమె రాస్తేనే బాగుంటుంది.

ఏం మారింది, ఏం మారలేదు

టర్ము చివర్లో మళ్లీ "ఇష్టమైన బొమ్మ గీయండి" అన్నాను. సగం మంది మళ్లీ రెండు కొండలు, నడుమ పొద్దు. కొబ్బరిచెట్టు చోట తాటిచెట్టు వచ్చిన బొమ్మలు కొన్ని ఉన్నాయి, నన్ను సంతోషపెట్టడానికేనేమో అని నాకు అనుమానం. మిగతావాటిలో ఒకటి సొట్టపడ్డ చెంబు. ఒకటి చీర కొంగు తిరగేసినప్పటి వెనక వైపు, పోగులతో సహా. ఒకటి అవ్వ చెవి.

ఎవరికీ మార్కులు పెరగలేదు. ఒక పిల్లవాడికి మొదటి నుంచి చివరిదాకా ఇదంతా విసుగే. వాడు మూడు వారాలూ కిటికీలోంచి బయటికి చూశాడు. అదీ చూడటమే అని సమర్థించుకోవడం నాకు ఇష్టం లేదు, వాడిని అందుకోలేకపోయాను.

గద్వాల వైపు పనిచేసే ఒక మిత్రురాలు ఇదే క్రమంలో, ముందు చీర తర్వాత గుడి అన్నట్టు, తన పిల్లలతో చేసి చూసింది. అక్కడి చీరకు ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. రెంటినీ మగ్గం మీదే కలుపుతారు. ఆ కలిసే గీత ఎక్కడుందో వేళ్లతో వెతకమంది. తర్వాత అలంపురం నవబ్రహ్మాలయాలకు తీసుకుపోయి రాతి కిటికీల జాలీలు చూపించింది. పిల్లలు రాతి ముక్కల అతుకులు వెతికారట, ఒకే రాయిని తొలిచి చేసిందని తెలిశాక వాళ్ల ముఖాలు చూడాలన్నది. బాదామి చాళుక్యుల పేరు ఆమె చివర్లోనే చెప్పింది.

పానగల్లు నుంచి వచ్చిన వారం రోజులకు ఆ పశువుల పిల్లవాడు స్టాఫ్‌రూం గుమ్మం దగ్గర నిలబడ్డాడు. వారమంతా కొట్టం దగ్గర కాపలా కాశాడట, లేచినప్పుడల్లా చూశాడట. "ఆవులు, బర్రెలు అన్నీ ఎనుక కాళ్ల మీదనే లేసినయ్ సార్" అన్నాడు. ఆగాడు. ఏదో ఒప్పుకోవాల్సి ఉన్నట్టు మొహం పెట్టాడు.

"కానీ మా ముసలి ఎద్దు ఒక్కటి ముందటి కాళ్ల మీద లేసింది సార్. దానికి నడుము పట్టేసింది."

"మరి నంది?" అన్నాను.

"దాని ఎనుకది నేను సరిగ సూడలే. గోడకు దగ్గరుండె. మళ్లెప్పుడు పోదాం సార్?"